చప్పుడు మింగని ఫోను

పోయిన వారం మన పానాలక్క ఏం చేసింది? మేనేజరు బల్లమీదున్న అద్దం చిట్లేలా పానా పెట్టి, "ఫోను నేనే ఎంచుతాను, టికెట్టు నేనే తీసుకుంటాను, రేపు పదకొండింటికి అందరి ముందూ తాడోపేడో తేలిపోవాలి" అనేసి, తలుపు ధడాలున వేసుకుని బయటికొచ్చేసింది. మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని మళ్ళీ ఆ తలుపు దగ్గరికే వద్దాం.

ఆ ఫ్యాక్టరీలో సీసాలకి మూతలు బిగించే మిషన్లు తయారవుతాయి. ఒక్కో మిషనుకి పన్నెండు తలలు. గుండ్రంగా తిరుగుతూ ఒక్కో తలా ఒక్కో మూతని 'టక్'మని బిగిస్తుంది. అలాంటిదొకటి ఎనిమిది నెలల కిందట సముద్రం దాటి వెళ్ళింది, వెళ్ళి బుద్ధిగా ఉండకుండా మొరాయించింది. కొన్నవాళ్ళు పదిహేను రోజుల గడువు పెట్టారు. బాగుచేస్తే ఇంకో ఆరు మిషన్లు తీసుకుంటారు, లేకపోతే ఉన్నదాన్ని కూడా తిప్పి పంపేస్తారు. మనిషిని పంపడానికి విమానం టికెట్టు మాత్రం ఒక్కటే ఉంది.

ఎవరు వెళ్ళాలి? పద్దెనిమిదేళ్ళుగా ఆ మిషన్లని విప్పి బిగిస్తున్న పానాలక్కా? లేక పుట్టి బుద్ధెరిగాక బిస్కెట్ ప్యాకెట్ తప్ప మరేదీ విప్పి చూడని మేనేజరుగారి బామ్మర్దా?

ఇందులో ప్రశ్నేముంది అంటారు మీరు. మేనేజరు అలా అనలేదు. అతనికో లా పాయింటు దొరికింది. ఆ ఫ్యాక్టరీలో మిషను రోగం కనిపెట్టే పద్ధతి ఒకటుంది. పెద్దమేస్త్రి, అంటే పానాలక్కకి స్వయానా మేనమామ, కళ్ళు మూసుకుని మిషను చప్పుడు వింటాడు. మేనకోడలు పక్కనే నిలబడుతుంది, ఆయన చెయ్యి ఆవిడ భుజం మీద ఉంటుంది. కాసేపటికి "నాలుగో తల, స్ప్రింగు" అంటాడు. ఆవిడ విప్పి చూస్తే నాలుగో తలే, స్ప్రింగే. పొరుగూళ్ళలో మిషను చెడితే అక్కడివాళ్ళు ఫోను రిసీవరుని తీగతో సహా మిషను దాకా లాక్కొచ్చి పట్టుకుంటారు. ఇక్కడ మావయ్యా మేనకోడలూ ఒకే రిసీవరుకి చెరోవైపు చెవి ఆనించి వింటారు.

"కాబట్టి వినే చెవి పెద్దమేస్త్రిది," అన్నాడు మేనేజరు. "ఆయన మోకాళ్ళతో విమానం ఎక్కలేడు, ఇక్కడే కూర్చుని వింటాడు. అక్కడ ఫోను పట్టుకోడానికీ, ఆయన చెప్పిన మర బిగించడానికీ ఎవరైతేనేం? మావాడైతే సూటేసుకుని నాలుగు ముక్కలు మాట్లాడగలడు."

ఎవరైతేనేం! పద్దెనిమిదేళ్ళ పనిని ఒక్క మాటతో చెత్తబుట్టలో వేసేశాడు. అప్పుడే మన పానాలక్క పానా తీసింది.

ఇక ఫోను సంగతి. అక్కడి ఫ్యాక్టరీలో టెలిఫోను ఆఫీసు గదిలో ఉంది, మిషను వేరే షెడ్డులో ఉంది, తీగ అందదు. కాబట్టి ఈ మధ్యే జనం చేతుల్లో కనిపిస్తున్న మొబైల్ ఫోను ఒకటి పట్టుకెళ్ళాలి. ఎవరు తెచ్చిన ఫోన్లో మిషను చప్పుడు విని పెద్దమేస్త్రి సరిగ్గా రోగం చెప్పగలడో, టికెట్టు వాళ్ళదే. ఫ్యాక్టరీ ఓనరమ్మ ఎదుట కుదిరిన పందెం ఇది.

మేనేజరు గదిలోంచి పానాలక్క తిన్నగా ఫోన్ల కొట్టుకి పోయింది. సాయంత్రం ఆరు కావస్తోంది. చేతులకింకా గ్రీజు వాసన పోలేదు. విదేశాలకి వెళ్ళేవాళ్ళకి ఫోన్లు అమ్మే, అద్దెకిచ్చే కొట్టు అది. అద్దాల బీరువాలో ఫోన్లన్నీ మఖమల్ గుడ్డ మీద నగల్లాగా పడుకుని ఉన్నాయి.

"ఏ దేశం మేడమ్?" అన్నాడు కొట్టతను.

ఆవిడ చెప్పింది. అతను పెదవి విరిచాడు.

"అక్కడి తరంగం వేరు మేడమ్. మన దగ్గర గలగలా మాట్లాడే ఫోన్లు సగానికి పైగా అక్కడ దిగ్గానే మూగనోము పడతాయి. ఒక తరంగం పట్టేవి, రెండు పట్టేవి, మూడు పట్టేవి అని రకాలున్నాయి. మీకు మూడో తరంగం ఉన్నది కావాలి. లేకపోతే ఎంత ఖరీదు పెట్టి కొన్నా కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవడానికే."

"అన్నీ చూపించండి."

"అన్నీ ఎందుకు మేడమ్, అసలైంది చూపిస్తాను." అతను ఒక చిన్న మడత ఫోను తీసి, చిటికెనవేలితో టప్పున తెరిచాడు. "దీని గొప్పేంటో తెలుసా? పక్కన లారీ హారన్ కొడుతున్నా అవతలివాళ్ళకి మీ గొంతు తప్ప ఇంకేం వినపడదు. చుట్టూ ఉన్న రొదంతా మింగేస్తుంది."

"అయితే నాకొద్దు."

కొట్టతను తెరిచిన ఫోను మూయడం మర్చిపోయాడు. "అదేంటి మేడమ్? అందరూ అదే అడుగుతారు కదా!"

"నాకు రొదే కావాలి బాబూ. నా గొంతు వినపడకపోయినా నష్టం లేదు."

అతను ఆవిడ మొహంలోకి ఒకసారి, ఆవిడ చేతి సంచిలోంచి తొంగిచూస్తున్న పానా వైపు ఒకసారి చూశాడు. పాపం, ఇలాంటి గిరాకీ అతనికి కొత్త. "మధ్యాహ్నం ఇదే ఫోను ఒకాయన కొనుక్కెళ్ళారు మేడమ్. ఆయన కూడా మీరు చెప్పిన దేశానికేనట."

"సూటేసుకుని ఉన్నాడా?"

"అవును. నల్లకళ్ళద్దాలు కూడా."

"మూడో తరంగం సంగతి అతనికి చెప్పారా?"

"చెప్పబోయానండీ. 'నాకే నేర్పుతావా' అన్నారు. ఊరుకున్నాను."

పానాలక్కకి నవ్వాగలేదు. పొద్దుట్నుంచి బిగపట్టుకున్న కోపం కాస్త వదిలి, స్టూలు లాక్కుని కూర్చుంది. అక్కడ మూడు తరంగాలు పట్టే ఫోన్లు నాలుగున్నాయి. పక్కనే దర్జీ కొట్టు. కొట్టతన్ని ఒక్కో ఫోనుతో అక్కడికి పంపి, కుట్టుమిషను పక్కన పట్టుకోమని, తను బల్లమీది మామూలు ఫోన్లో వింది. మొదటిదాంట్లో కుట్టుమిషను నీళ్ళలో మునిగినట్టు వినిపించింది. రెండోది తెగి తెగి వచ్చింది. మూడోది దర్జీ తిట్లు మాత్రం శుభ్రంగా పంపించింది.

"నాలుగోది వద్దులెండి," అన్నాడు కొట్టతను చెమట తుడుచుకుంటూ. "పాత మోడలు. ఇప్పటికి ఇద్దరు వెనక్కిచ్చేశారు. వీధిలో చప్పుడంతా దీంట్లోనే ఉంటుందని గొడవ పెట్టుకున్నారు."

"ముందు అది తీసుకురాకుండా ఇంతసేపు నా ప్రాణం తీశారేం!"

అది ఇటికెరాయంత ఉంది. నెత్తిన బొటనవేలంత కొమ్ము. జేబులో వేసుకుంటే జేబు చిరిగిపోతుంది. కానీ దర్జీ పెడల్ తొక్కగానే సూది దిగడం, లేవడం, పట్టా తిరగడం అన్నీ విడివిడిగా ఆవిడ చెవిలో పడ్డాయి. ఆవిడ రెండు నిమిషాలు విని, "కింద బాబిన్ దగ్గర దారం చిక్కుపడింది, ఆపి చూసుకోమనండి ఆయన్ని," అంది. అవతల దర్జీ మిషను ఆపాడు. కొట్టతను ఇటికెరాయి పట్టుకుని తిరిగొస్తూ నోరు తెరుచుకునే ఉన్నాడు.

"నిజమే మేడమ్. దారం ముడిపడింది. మీకెలా తెలిసింది?"

"ఇదేం విద్య బాబూ? మా మావయ్యయితే ఏ రంగు దారమో కూడా చెప్పేవాడు," అంది పానాలక్క. మాట వరసకి అన్నది కాదు, అలాగే నమ్మింది. పదిహేను రోజులకి అద్దె కట్టి, ఇటికెరాయిని పానా పక్కన సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టింది.

మర్నాడు పదకొండు. మేనేజరు గది. బల్లకి ఎదురుగా ఓనరమ్మ కూర్చుంది. అరవై దాటిన మనిషి, ఫ్యాక్టరీ పెట్టిన భర్త పోయాక అన్నీ తనే చూసుకుంటోంది. ఎక్కువ మాట్లాడదు, మాట్లాడితే తిరుగుండదు. టికెట్టున్న కవరు ఆవిడ ఒళ్ళో ఉంది. కవరు కింద మడతపెట్టిన చీటీ ఒకటుంది. ఆ ఉదయమే మేనేజరు కింది షెడ్డులో తయారై ఉన్న మిషనుకి రహస్యంగా ఒక లోపం పెట్టించి, అదేమిటో ఆ చీటీలో రాసి ఆవిడకిచ్చాడు. పెద్దమేస్త్రి సరిగ్గా చెప్తున్నాడో లేదో తేల్చుకోవడానికట.

కుర్చీలు వేయించడం కూడా మేనేజరే చేశాడు. పెద్దమేస్త్రిని ఈ చివర గోడవారన, పానాలక్కని ఆ చివర కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. మధ్యలో బల్ల, బల్లమీద స్పీకరున్న ఫోను.

"ఇంత దూరం ఎందుకు సార్? మేం పక్కపక్కనే కూర్చుని వింటాం ఎప్పుడూ," అంది పానాలక్క.

"సముద్రం అవతలికెళ్తే ఇంతకన్నా దూరమే కదమ్మా," అన్నాడు మేనేజరు, వెటకారం దాచుకోకుండా. పెద్దమేస్త్రి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. మావయ్యకి ఒంట్లో బాగాలేదా అనుకుంది పానాలక్క.

బామ్మర్ది మడత ఫోనూ, ఇటికెరాయీ రెండూ పట్టుకుని కింద షెడ్డులోకి వెళ్ళాడు. ముందు మడత ఫోను. స్పీకరు మోగింది. మేనేజరు మీట నొక్కాడు.

"హలో బావా! వినపడుతోందా?"

"గంట కొట్టినట్టు వినపడుతోందిరా! మిషను పక్కనే ఉన్నావా?"

"ఆనుకునే ఉన్నాను బావా. చెవులు చిల్లులు పడుతున్నాయి."

గదిలో మాత్రం మిషను జాడ లేదు. అతను ఊపిరి పీల్చడం వినపడుతోంది, ముక్కు ఎగబీల్చడం వినపడుతోంది. పన్నెండు తలల మిషను అంతా ఏమైపోయిందో తెలీదు. మేనేజరు స్పీకరు మీదికి వంగాడు, చెవి ఆనించాడు, మళ్ళీ నిటారుగా లేచాడు.

"చూశారా మేడమ్, ఎంత స్పష్టంగా ఉందో!"

"ఉంది," అంది ఓనరమ్మ. "మీ బామ్మర్ది ముక్కు చీదుకోవడం వినడానికా ఇంత దూరం పంపేది?"

పానాలక్క వదలదలుచుకోలేదు. "అది బయటి రొదని మింగేసే ఫోను అమ్మగారూ. బజార్లో వ్యాపారం మాట్లాడుకునేవాళ్ళకి బంగారం. మనకి మాత్రం పనికిరాదు, మనకి కావలసిందే అది మింగేస్తుంది. ఇంకోటి కూడా చెప్తాను. అక్కడ దిగాక ఆయన ముక్కు చీదుకోవడం కూడా వినపడదు. ఆ దేశంలో నడిచే తరంగం ఆ ఫోనుకి లేదు. కొట్టువాడు చెప్పబోతే ఆయన వినిపించుకోలేదట."

"ఫోను అట్టపెట్టె మీద అంతర్జాతీయం అని రాసుంది!" అన్నాడు మేనేజరు.

"అట్ట తీసుకెళ్ళి చూపించండి, కలుపుతారేమో."

ఓనరమ్మ పెదాల చివర కొంచెం కదిలింది. "రెండోది పెట్టమనండి," అంది.

ఈసారి ఇటికెరాయి నుంచి స్పీకరు మోగింది. మీట నొక్కగానే గది అంతా మిషనుతో నిండిపోయింది. టక్, టక్, టక్... బల్లమీది అద్దం కూడా దానికి అదురుతున్నట్టే అనిపించింది. వెనకాల గొలుసు జరుగుతోంది, పళ్ళ చక్రం పట్టుకుంటోంది, ఖాళీ సీసాలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. బామ్మర్ది ఏదో అరుస్తున్నాడు గానీ అతని గొంతే ఆ చప్పుళ్ళలో కలిసిపోయింది. పానాలక్కకి ప్రాణం లేచొచ్చింది. మిషను పక్కనే నిలబడి విన్నట్టే ఉంది.

"అమ్మయ్య! ఇక చెప్పు మావయ్యా," అంది.

పెద్దమేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. అలవాటుగా కుడిచెయ్యి పక్కకి చాచాడు. పక్కన ఎవరూ లేరు. చెయ్యి కాసేపు గాల్లో ఉండి, మెల్లిగా మోకాలి మీదికి దిగింది.

పానాలక్క కూడా వింటోంది. ఒకటి, రెండు, మూడు... ఏడో టక్కు ఒక్క పిసరు ఆలస్యం. మళ్ళీ తిరిగొచ్చింది. ఏడు, ఆలస్యం. స్ప్రింగు వదులు చేశారన్నమాట, పిల్లచేష్ట. మావయ్య ఇప్పుడు చెప్పేస్తాడు. ఇంకో చుట్టు తిరిగింది. ఇంకోటి. మావయ్య నుదుటి మీద చెమట పట్టింది.

"బాగానే ఉంది," అన్నాడాయన కళ్ళు తెరిచి. "మిషను బాగానే ఉందమ్మగారూ. ఏ లోపమూ లేదు."

మావయ్య పానాలక్క వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదావిడ. అడుగుతున్న చూపు. భుజం మీది చెయ్యి గుర్తొచ్చింది. తప్పు తల తిరిగొచ్చినప్పుడల్లా తన భుజం ఒక్కసారి అదరడం, ఆ వెంటనే మావయ్య నంబరు చెప్పడం గుర్తొచ్చింది. అలవాటు అనుకుంది, ఆప్యాయత అనుకుంది. అబ్బా, ఎంత మొద్దుమొహం తనది! ఇద్దరూ రిసీవరుకి చెరోవైపు చెవి పెట్టినప్పుడు విన్నదెవరో ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయింది.

ఆవిడ ఒళ్ళో చేతుల్ని బల్లమీద పెట్టింది. మూడు వేళ్ళు చాపింది, ఆగి నాలుగు వేళ్ళు చాపింది. మావయ్యకి అర్థమైంది. ఏడు అంటే చాలు, పందెం గెలిచినట్టే. ఆయన ఇక్కడా తను అక్కడా ఉన్నప్పటి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పెద్దమేస్త్రి ఆ వేళ్ళని చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"వద్దే అమ్మా, చెయ్యి తీసెయ్," అన్నాడు. తర్వాత ఓనరమ్మ వైపు తిరిగాడు. "అమ్మగారూ, నాకు సన్నచప్పుళ్ళు వినపడక రెండేళ్ళు దాటింది. ఎదురుగా ఉండి మాట్లాడితే మాట తెలుస్తుంది, మిషను గొంతు మాత్రం పోయింది. ఈ రెండేళ్ళూ వింటున్నది ఇదే. నేను పెద్ద టక్కులు లెక్కపెట్టుకుంటూ, దీని భుజం ఎప్పుడు ఎలా అదిరిందో దాన్నిబట్టి చెప్తున్నాను. పాపం, దానిక్కూడా తెలీదు."

స్పీకరు తన మానాన తను టక్ టక్ అంటూనే ఉంది.

"ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?" అంది ఓనరమ్మ.

"నా చెవి పోయిందంటే దాని పని కూడా పోతుందని. ఈయన నిన్న ఎవరైతేనేం అన్నాడు చూడండి, ఆ మాట ఏనాటికైనా వస్తుందని తెలుసు."

మేనేజరు కుర్చీలోంచి ఇంతెత్తున లేచాడు. అతని మొహం వెలిగిపోతోంది. "విన్నారా మేడమ్! రెండేళ్ళుగా మన చెవిలో పువ్వులు పెట్టారు! మావయ్యా మేనకోడలూ కలిసి నాటకం! ఇంక ఫోను ఎందుకు? వినేవాడే లేనప్పుడు పరీక్ష ఎందుకు? ఇద్దర్నీ ఈ క్షణమే..."

"తీసేయండి," అంది పానాలక్క.

లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం కనిపించలేదు. "నన్ను తీసేయాలంటే తీసేయండి సార్. మా మావయ్యని ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోను. ఈ ఫ్యాక్టరీలో మొదటి మిషను పుట్టింది ఆయన చేతుల్లో. మీరప్పటికి ఈ వీధిలోకే రాలేదు. ఆయన చెవులు ఎక్కడ పోయాయనుకున్నారు? మీ షెడ్డులోనే పోయాయి, ముప్పయ్యేళ్ళు ఆ రొదలో నిలబడి! ఆయన అబద్ధం చెప్పాడు, నిజమే. ఆ అబద్ధం వల్ల ఒక్క మిషనైనా పాడైందా? ఒక్కటి చూపించండి."

ఆవిడ మేనేజరు బల్ల దాకా నడిచొచ్చింది.

"నిన్న మీరేమన్నారు? వినే చెవి ఇక్కడుంటుంది, పట్టుకునే చెయ్యి ఎవరిదైతేనేం అన్నారు. సరే, మీ లెక్కే. ఇప్పుడు ఆ చెవి నాది. మరి నన్ను ఇక్కడ కూర్చోబెట్టి మీ బామ్మర్దిని పంపుతారా? అక్కడ పన్నెండు తలల ముందు ఆయన నిలబడి నాకు ఫోను పట్టుకుంటాడా? ఎందుకండీ ఇంత చుట్టు? నా చెవీ నా చెయ్యీ ఒకే ఒంటికి ఉన్నాయి, రెండూ ఒకే టికెట్టు మీద వెళ్తాయి!"

"పెద్ద పెద్ద మాటలు మాట్లాడకు. రుజువేంటి?"

"ఏడో తల. స్ప్రింగు వదులు చేయించారు. అదీ సగం మరే తిప్పారు, పూర్తిగా విప్పడానికి భయపడ్డట్టున్నారు. ఆ చీటీ తెరవండమ్మగారూ."

ఓనరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. చీటీ మడత విప్పింది. చదివి, మళ్ళీ మడిచి, మేనేజరు వైపు చాలాసేపు చూసింది. ఆ చూపుకి మేనేజరు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఏడో తల స్ప్రింగు. సగం మర," అంది ఓనరమ్మ. "మేస్త్రీ, రెండేళ్ళు నాకు చెప్పకపోవడం తప్పు. ఆ తప్పు గురించి తర్వాత మాట్లాడుకుందాం, నేను మర్చిపోను. ఏమ్మా, ఇలా రా. టికెట్టు తీసుకో. ఆ ఇటికెరాయి కూడా తీసుకెళ్ళు. అక్కడ నీకు తెలియని చప్పుడేదైనా వస్తే, నాలుగు బుర్రలు ఇక్కడ కూర్చుని వింటాయి."

పెద్దమేస్త్రి తలపాగా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఓనరమ్మ పెదాల కదలికలోంచి ఆ మాటలన్నీ పట్టుకున్నాడాయన. కవరు ముందుకి చాచి ఉంది. పద్దెనిమిదేళ్ళ పనికి మొదటిసారిగా పానాలక్క పేరు ఎక్కబోయే కాగితం అందులో ఉంది.

పానాలక్క కవరు అందుకోలేదు.

ఆవిడ మొహం స్పీకరు వైపు తిరిగి ఉంది. కళ్ళు మూసుకుంది. చెయ్యెత్తి అందర్నీ మాట్లాడొద్దని సైగ చేసింది, ఓనరమ్మతో సహా.

"ఏంటమ్మా?"

"ఇంకోటుంది."

"ఇంకోటేంటి?" అన్నాడు మేనేజరు. "నేను పెట్టించింది ఒక్కటే. నామీద ఒట్టు."

"తెలుసు సార్. అందుకే భయంగా ఉంది." ఆవిడ బల్లమీదికి వంగింది. టక్కులన్నిటి కింద, గొలుసు చప్పుడు కింద, చాలా లోతుగా ఏదో గరగరమంటోంది. ఇందాక లేదది. ఇప్పుడే మొదలై, ఒక్కో చుట్టుకీ కొంచెం పెరుగుతోంది. "కింద ఇరుసు. బీట ఇస్తోంది. మావయ్యా!" ఆయనకి కనపడేలా తిరిగి, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "అక్కడికి పంపిన మిషనుకి ఇరుసు ఎక్కడిది?"

పెద్దమేస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. "దీనిది ఎక్కడిదో అదీ అక్కడిదే. ఒకే రోజు, ఒకే పోత. మొత్తం ఎనిమిది పోశాం."

ఆవిడ స్పీకరు మీద అరిచింది. "మిషను ఆపండి! మీ ఎడమచేతి పక్కన ఎర్ర బొత్తాం ఉంది, నొక్కండి!"

"ఆఁ? ఏంటీ?" బామ్మర్ది గొంతు ఆ రొదలోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. "వినపడట్లేదు! ఇక్కడ చప్పుడెక్కువ! ఇంకా దగ్గరగా పెట్టమంటారా? ఇదిగో, లోపల పెడుతున్నా..."

"వద్దు! లోపల చెయ్యి పెట్టొద్దు!"

"ఒరేయ్, వెనక్కి రారా!" మేనేజరు గొంతు చీరుకుపోయింది.

పానాలక్క అప్పటికే తలుపు తీసుకుని మెట్ల మీద ఉంది. తెరిచిన తలుపులోంచి స్పీకరు చప్పుడు ఆవిడ వెనకే వస్తోంది. వద్దనుకున్నా లెక్క ఆగలేదు. ఎనిమిది. తొమ్మిది. పది. మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది. పదకొండో టక్కు వినపడింది.

పన్నెండోది రాలేదు. బామ్మర్ది గొంతు కూడా లేదు.